మిషన్ ‘ఇస్తుందా’, ‘చెబుతుందా’?

టెక్సస్ ఫ్రిస్కో నుంచి ఒక సభ్యురాలు:

అందరికీ నమస్కారం. ఆట కబురుతో మొదలుపెడుతున్నాను గానీ నా అనుమానం ఒక క్రియాపదం మీద. కాస్త ఓపిక పట్టండి.

నాన్నగారు తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. పోయిన శనివారం ఆయన్నీ మా అబ్బాయినీ తీసుకుని ఆర్లింగ్టన్‌లో బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాం. క్రికెట్ బాగా తెలిసిన మనిషి కాబట్టి మూడో ఇన్నింగ్స్‌కల్లా సగం ఆట పట్టేశారు. కానీ రెండు విషయాలు మింగుడుపడలేదు. బ్యాటు కదపకుండా నిలబడ్డవాడికి ‘స్ట్రైక్’ ఏమిటని మొదటిది. “కొట్టనివాడికి కొట్టాడని పేరేమిట్రా?” అన్నారు మా అబ్బాయితో. (నేను ఫోన్‌లో ‘త్రీ స్ట్రైక్స్, యూ ఆర్ ఔట్’కి అనువాదం పెట్టి చూస్తే ‘మూడు సమ్మెలు, మీరు బయటకు’ అని వచ్చింది. ఆయనకి చూపించకుండా ఊరుకున్నాను.)

రెండోది అసలు సంగతి. అంపైర్ స్ట్రైక్ అన్నాడు. బ్యాటర్ వెంటనే చేత్తో హెల్మెట్ మీద తట్టుకున్నాడు. “వాడికి తలనొప్పా?” అని నాన్నగారు. ఇంతలో పెద్ద తెర మీద బంతి వచ్చిన దారి గీతలా కనిపించింది, ఒక నిలువు గడి కనిపించింది (బంతి దాన్ని తాకితేనే స్ట్రైక్), బంతి ఆ గడి అంచుని వెంట్రుకవాసిలో తప్పించుకుంది. జనం ఒకటే గోల. అంపైర్ మాట వెనక్కి వెళ్లింది. మా అబ్బాయి తెలుగులో చెబుతున్నానన్న నమ్మకంతో “తాతయ్యా, మిషన్ కాల్ చేసింది” అన్నాడు.

“ఎవరికి చేసిందిరా?”

నవ్వుకున్నాం. కానీ రాత్రి పడుకున్నాక అదే ఆలోచన. ఇంగ్లీషులో అంపైర్ తీర్పు చెప్పడాన్ని ‘కాల్’ అంటారు. అంపైర్ ‘ఔటిచ్చాడు’, ‘వైడ్ ఇవ్వలేదు’ అంటాం మనం. కాల్ చేశాడు అనం, పిలిచాడు అసలే అనం. మరి మిషన్ విషయంలో ఏమనాలి? ‘మిషన్ స్ట్రైక్ ఇచ్చింది’ అంటే నా నోటికి ఆనడం లేదు. ఎందుకో చెప్పగలరా?

గుంటూరు నుంచి, అందరూ మాస్టారు అనే సభ్యుడు:

అమ్మా, ముందు మీ నాన్నగారి మొదటి ప్రశ్న తీర్చేద్దాం. ఆయన అడిగింది న్యాయమే. తొలిరోజుల్లో స్ట్రైక్ అంటే బ్యాటు ఊపి తప్పడమే. నచ్చిన బంతి వచ్చేదాకా కొందరు ఊపకుండా నిలబడి ఆటని సాగదీసేవారు. అందుకని 1858లో, మంచి బంతిని వదిలేసినా స్ట్రైక్‌గా లెక్కించే అధికారం అంపైర్‌కి ఇచ్చారు. ఆ తర్వాత పిచర్ల, అంటే బంతి వేసేవాళ్ల వంతు. వాళ్లు అందని బంతులు వేసి విసిగిస్తుంటే, అలాంటివాటిని ‘బాల్’ అని లెక్కపెట్టి బ్యాటర్‌ని ఊరికే మొదటి బేస్‌కి, అంటే పరుగు దారిలో మొదటి మజిలీకి పంపడం వచ్చింది. 1887 దాకా బ్యాటర్ తనకి పై బంతి కావాలో కింది బంతి కావాలో ముందే చెప్పి అడిగేవాడు, హోటల్లో అట్టు ఆర్డరిచ్చినట్టు. పని మారిపోయింది, పేరు మిగిలింది. మనకీ ఉన్నాయి కదా. పాత తెలుగులో ‘తగవు’ అంటే న్యాయం, తగినది అని. ఇవాళ తగవు అంటే పోట్లాట.

ఇక క్రియాపదం. సెలవిస్తారు, మాటిస్తారు, అనుమతి ఇస్తారు, తీర్పిస్తారు. వీటన్నిటిలో ఒక పోలిక చూడండి. ఇవ్వకుండా ఉండే వీలున్నవాడే ఇవ్వగలడు. మా వీధిలో బ్యాటింగ్ జట్టువాడే అంపైర్. బంతి వికెట్ల కింద పెట్టిన ఇటుకకి తగిలిన చప్పుడు నలుగురికీ వినిపించేది. అయినా “ఇవ్వరా”, “ఇవ్వను”, “అమ్మతోడు తగిలింది”, “అయినా ఇవ్వను” అని పావుగంట నడిచేది. తగలడం వేరు, ఇవ్వడం వేరు. ఆ తేడా తెలిసిన భాష కాబట్టే ‘ఔటయ్యాడు’, ‘ఔటిచ్చాడు’ అని మనకి రెండు మాటలున్నాయి.

బేస్‌బాల్‌లో బిల్ క్లెమ్ అని పాతకాలపు పెద్ద అంపైర్ ఉన్నాడు, 1905 నుంచి 1941 దాకా చేశాడు. నేను చెప్పేదాకా అది బాలూ కాదు, స్ట్రైకూ కాదు, ఏమీ కాదు అన్నాడని ఆయన పేరుమీద ఒక మాట తిరుగుతుంటుంది. మన వీధి అంపైర్ సిద్ధాంతం కూడా అచ్చంగా అదే, కాకపోతే వాడికి జీతం లేదు.

మిషన్ అలా అనలేదు. అందుకే మీ నోటికి ఆనలేదు.

విశాఖ నుంచి ఒక సభ్యుడు:

మాస్టారూ, ఒప్పుకోను. ఏటీఎం డబ్బులివ్వలేదు అంటాం. కాలిక్యులేటర్ తప్పు ఆన్సర్ ఇచ్చింది అంటాం. మిషన్లు ఇస్తూనే ఉన్నాయి.

మాస్టారు:

ఏటీఎం నిజంగానే చేతికి ఇస్తుంది నాయనా, ఒక్కోసారి ఇవ్వదు కూడా! కాలిక్యులేటర్ మాట బాగుంది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ కొలిచే వస్తువుల సంగతి చూడు. కాటా ఎంత చూపించింది అంటాం. థర్మామీటర్ నూట రెండు చూపించింది అంటాం. థర్మామీటర్ జ్వరం ఇచ్చింది అంటే ఇంట్లోవాళ్లు నీ నుదురు పట్టుకు చూస్తారు. స్టేడియంలో ఉన్న కెమెరాలు చేసేది కాటా పనే.

హైదరాబాద్ నుంచి ఒక సభ్యురాలు:

మాస్టారు గారి కాటా నాకు నచ్చింది. దానికి ఆట వైపు నుంచి కొంచెం కలుపుతాను, మా తమ్ముడు ఈ పిచ్చిలో ఉండి నా చెవులు తింటుంటాడు.

ఈ మిషన్ తీర్పు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. 2019లో అట్లాంటిక్ లీగ్ అనే చిన్న లీగ్‌లో మొదలుపెట్టారు. అంపైర్ చెవిలో ఇయర్‌ఫోన్, జేబులో ఫోన్. మిషన్ చెవిలో చెబితే ఆయన పైకి అరవాలి. కొరియా ప్రధాన లీగ్‌లో 2024 నుంచి ప్రతి బంతికీ ఇదే పద్ధతి. అక్కడ ప్లేటు (బ్యాటర్ పక్కన నేలలో ఉండే పలక) వెనక అంపైర్ బాల్, స్ట్రైక్ ‘ఇవ్వడు’, పలుకుతాడు. చిలక పలుకు అంటే చిన్నబుచ్చుకుంటాడేమో.

అమెరికా పెద్ద లీగ్ అలా పోలేదు. 2026 సీజన్ నుంచి అక్కడ పెట్టింది చాలెంజ్ పద్ధతి. అంపైరే ఇస్తాడు. నచ్చకపోతే బ్యాటర్, పిచర్, క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు), ఈ ముగ్గురిలో ఒకరు టోపీనో హెల్మెట్‌నో తట్టాలి, అదీ వెంటనే, డగౌట్ వైపు చూడకుండా. ఒక్కో జట్టుకి రెండు చాలెంజ్‌లు. నెగ్గితే మిగులుతుంది, ఓడితే పోతుంది. మన డీఆర్‌ఎస్ చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. కెమెరాల వెనక ఉన్నదీ ఆ హాక్‌ఐయే. ఒక తేడా మాత్రం ఉంది. క్రికెట్ ఎల్బీలో బంతి వికెట్‌ని అంచుకి మాత్రమే తాకేలా కనిపిస్తే ‘అంపైర్స్ కాల్’ అని మొదటి మాటే నిలబెడతారు. ఇక్కడ ఆ మొహమాటం లేదు. గడిని బంతి ఏ కొంచెం తాకినా స్ట్రైక్.

చాలెంజ్‌కి మన ‘సవాలు’ అతికినట్టు సరిపోతుంది. తీర్పుని సవాలు చేస్తూ హైకోర్టుకెళ్లారు అని పేపర్లో రోజూ చదువుతాం. పైగా మా ఇంటి పక్క ఉర్దూ మాట్లాడేవాళ్లకి సవాల్ అంటే ప్రశ్న, అంతే. తల తట్టుకోవడం అంటే “నిజంగానా?” అని అడగడమే కదా. తొడగొట్టడం కాదు.

ఫ్రిస్కో సభ్యురాలు:

ఇంత వస్తుందనుకోలేదు! చెల్లెమ్మా, ఆ గడి గురించి మీ తమ్ముడిని అడగరూ? మావాడు అది మనిషి మనిషికీ మారుతుందంటాడు.

హైదరాబాద్ సభ్యురాలు:

అడిగానక్కా. మారుతుంది. వెడల్పు అందరికీ 17 అంగుళాలే, ప్లేటు వెడల్పు. ఎత్తుని ఆటగాడి పొడుగుని బట్టి లెక్క కడతారు. పై గీత పొడుగులో 53.5 శాతం దగ్గర, కింది గీత 27 శాతం దగ్గర. ఆరడుగుల మనిషికి సుమారు 19న్నర అంగుళాల నుంచి 38న్నర దాకా. ఆటగాళ్లని నిలబెట్టి ముందే కొలుస్తారు, కాబట్టి వంగి నిలబడితే గడి చిన్నదవదు.

మాస్టారు:

ఇది వినండి, నాకు అన్నిటికంటే ఇదే రుచిగా ఉంది. అంతకుముందు రూల్ పుస్తకంలో ఈ గడి ఒంటి మీద ఉండేది. కింద మోకాలి చిప్ప కింది గుంట. పైన భుజాలకీ ప్యాంటు పైఅంచుకీ సరిగ్గా మధ్య. అంటే మన కొలతల బాపతే. మోకాల్లోతు నీళ్లు, మొలలోతు, పీకలోతు, జానెడు, మూరెడు, బారెడు. కొలిచేవాడి ఒళ్లే కొలబద్ద కాబట్టి పేచీకి చోటుండేది. నా మూరకీ పూల అమ్మాయి మూరకీ ఎప్పుడు కలిసింది గనక!

1951లో సెయింట్ లూయిస్ జట్టు దీంతో ఒక తమాషా చేసింది. ఎడ్డీ గేడెల్ అని 3 అడుగుల 7 అంగుళాల మనిషిని బ్యాటింగ్‌కి దింపింది. ఆ మోకాలికీ ఆ భుజానికీ మధ్య బంతి వేయడం పిచర్ వల్ల కాలేదు. వరసగా నాలుగు బాల్స్, ఆయన దర్జాగా మొదటి బేస్‌కి నడిచి వెళ్లాడు.

ఇప్పుడు మూర పోయి శాతం వచ్చింది. శాతాన్ని ఎవరూ ‘ఇవ్వరు’. అది తేలుతుంది. కాబట్టి నా ఓటు: అంపైర్ స్ట్రైక్ ఇచ్చాడు, మిషన్‌లో బాల్ అని తేలింది.

విశాఖ సభ్యుడు:

తేలింది బాగుంది. కాలిక్యులేటర్ మాత్రం వదలను.

మాస్టారు:

వదలకు. ఇంకో మాట, తర్వాత నా నడక వేళైంది. అంపైర్ అనే మాట పాత ఫ్రెంచిలో ‘జతకానివాడు’ అన్న మాట నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఇద్దరు తగువు పడుతుంటే మూడోవాడు. అంటే సరి-బేసిలో బేసి. మనకి ‘తగవరి’ ఉంది, న్యాయం తెలిసినవాడు అని. బేస్‌బాల్ వ్యాఖ్యానం తెలుగులో ఎవరైనా మొదలుపెడితే తగవరి అనమని చెప్పండి. అనరని తెలుసు.

ఫ్రిస్కో సభ్యురాలు:

మాస్టారూ, మీ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. తేలింది అన్నది ఆయనకి పెద్దగా ఎక్కలేదు. కాఫీ తాగుతూ, “అంత వ్యాకరణం దేనికమ్మా, అంపైర్ ఇచ్చాడు, మిషను లాక్కుంది” అన్నారు.

హైదరాబాద్ సభ్యురాలు:

మా దిక్కు అయితే గుంజుకుంది.