కాటా కేబుల్ ఊడిపోతే ప్రోగ్రామ్‌కి తెలిసేదెలా?

నమస్కారం. మిర్చి బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు తీసుకుని బిల్లు కొట్టే ప్రోగ్రామ్‌ని పైథాన్‌లో, పైసీరియల్ (సీరియల్ పోర్ట్ నుంచి డేటా చదివే లైబ్రరీ)తో రాశాను. మధ్యలో యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ ఉంది. కన్వర్టర్‌ని కంప్యూటర్ నుంచి పీకేస్తే ఎక్సెప్షన్ వస్తుంది, దానితో ఇబ్బంది లేదు. అవతల కాటా వైపు కేబుల్ ఊడినప్పుడే చిక్కు. కామ్ పోర్ట్ (కంప్యూటర్‌లో ఆ కన్వర్టర్ కనిపించే సీరియల్ పోర్ట్) తెరిచే ఉంటుంది, ఎర్రర్ రాదు, స్క్రీన్ మీద పాత బస్తా బరువు 42.350 అలాగే నిలిచిపోతుంది. తర్వాతి బస్తాకీ అదే బరువు పడితే నష్టపోయేది రైతు. అదే నా టెన్షన్.

టైమవుట్ (ఇంతసేపు డేటా రాకపోతే కేబుల్ ఊడినట్టే అనే గడువు) పెడదామంటే, ఈ కాటా బరువు కుదురుకున్నాకే పంపుతుంది. ఖాళీగా ఉంటే మామూలుగానే ఏమీ రాదు. కేబుల్‌లో ఉన్నవి టీఎక్స్ (డేటా పంపేది), ఆర్‌ఎక్స్ (డేటా అందుకునేది), గ్రౌండ్ వైర్లే కాబట్టి డీఎస్‌ఆర్ (అవతలి పరికరం సిద్ధంగా ఉందని చెప్పే) సిగ్నల్ చూసే వీలూ లేదు. సీలు వేసిన కాటాని విప్పలేను. కమాండ్ పంపి జవాబు రాబట్టే పద్ధతి ఇలాంటి కాటాలతో ఎవరైనా వాడారా? ఎంతసేపటికోసారి అడిగితే మంచిది?