చిన్న ఆర్మ్ బోర్డులో యూనిక్స్: ఒకే రూట్ పార్టిషన్ చాలునా, విడగొట్టవలసిందేనా?

కొత్తబోర్డు:

నా దగ్గర 1 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 3 బోర్డు, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు ఉన్నాయి. వాటిమీద 64 బిట్ల ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ వ్యవస్థను ఎక్కించి, నెట్‌వర్క్‌కు డీఎన్ఎస్ సర్వరుగానూ (పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చి చెప్పేది), మిగతా యంత్రాల లాగ్‌లు వచ్చి చేరే చోటుగానూ రాత్రింబవళ్ళు నడపాలని అనుకుంటున్నాను. తెర, కీబోర్డు ఉండవు. సీరియల్ కేబుల్ ఒక్కటే ఉంది. కరెంటు ఎప్పుడైనా పోతుందని ముందే అనుకుని అమర్చుకోవాలి.

పెద్ద సర్వర్ల మీద పనిచేసిన అలవాటుకొద్దీ రూట్ (వ్యవస్థకు మూలం), యూఎస్ఆర్ (ప్రోగ్రాములు), వార్ (లాగ్‌ల వంటి మారుతుండే డేటా), టెంప్ (తాత్కాలిక ఫైళ్ళు), హోమ్ (వాడేవారి ఫైళ్ళు) అని ఐదు పార్టిషన్లు, అంటే కార్డులో విడి భాగాలు, గీసుకున్నాను. అది చూసిన మిత్రుడొకరు, ఇంత చిన్న కార్డును ముక్కలు చేస్తే ఒక ముక్క నిండిపోయి పక్క ముక్క ఖాళీగా పడి ఉంటుందని, అన్నీ ఒకే రూట్‌లో పెట్టుకొమ్మని చెప్పారు. ఇద్దరి మాటల్లోనూ అలవాటు కనిపిస్తున్నదే గాని కారణం కనిపించడం లేదు. ఈ బోర్డుకు, ఈ పనికి ఏది సరైనదో కారణంతో సహా చెప్పగలరా?

పాతడిస్కు:

విడగొట్టాలన్నదే నా అభిప్రాయం, అయితే ఐదు ముక్కలుగా కాదు. యూఎస్ఆర్‌ను రూట్ నుండి వేరుచేసే పద్ధతి 1971 నాటి పీడీపీ-11 యంత్రాల నుండి వస్తున్నది. అప్పుడు రూట్ ఒక చిన్న, వేగవంతమైన డిస్కు మీద, యూఎస్ఆర్ మరొక డిస్కు మీద ఉండేవి గనుక ఆ విభజన అవసరం కొద్దీ పుట్టింది. మీ కార్డుకు ఆ అవసరం లేదు కాబట్టి యూఎస్ఆర్‌ను రూట్‌లోనే ఉండనివ్వండి. టెంప్‌ను మెమరీలో టెంప్‌ఎఫ్ఎస్‌గా పెట్టి, దానికొక హద్దు చెప్పండి. దానికి కార్డుమీద చోటు దండగ.

వేరుచేయవలసింది వార్‌ను. మీరు ఇతర యంత్రాల లాగ్‌లను ఇక్కడికి రప్పిస్తున్నారు. వాటిలో ఏ ఒక్కటి అదుపు తప్పి రాత్రంతా ఒకే దోషసందేశాన్ని పంపినా, ఒకే రూట్ ఉన్న అమరికలో మొత్తం ఫైల్ సిస్టమ్ నిండిపోతుంది. విడిగా ఉంటే లాగ్‌లు ఆగిపోతాయి గాని డీఎన్ఎస్ తన కాన్ఫిగరేషన్ ఫైలును సరిచేసుకోవడానికి చోటు మిగిలే ఉంటుంది. అంతకంటె ముఖ్యమైనది, రూట్‌ను రీడ్-ఓన్లీగా ఉంచగలగడం. రాతలన్నీ వార్‌లో జరుగుతూ, రూట్ మీద ఏమీ రాయకుండా ఉంటే, కరెంటు పోయినా రూట్‌కు అపరిశుభ్రమన్న గుర్తు పడదు, మళ్ళీ లేచినప్పుడు దానిమీద ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను తనిఖీచేసి బాగుచేసే ప్రోగ్రాము) నడవవలసిన పని ఉండదు. ఇదంతా ఒకే పార్టిషన్‌లో ఉంటే సాధ్యం కాదు. వార్ మీద నోసూయిడ్ (ఫైలు ద్వారా దాని యజమాని అధికారాలు రాకుండా), నోఎక్జెక్ (ప్రోగ్రాములు నడవకుండా) అనే మౌంట్ షరతులు పెట్టుకోగలగడం దీనికి తోడయ్యే లాభం.

ఒకేరూట్:

పాతడిస్కు గారి వాదనలో సగం పాత స్పిన్నింగ్ డిస్కులకే వర్తిస్తుంది. ఎస్‌డీ కార్డులో మనం గీసే గీతలు కేవలం లెక్కలోని గీతలు. లోపలి కంట్రోలరు ఏ బ్లాకును ఏ ఫ్లాష్ ఖండంలో ఉంచాలో తానే నిర్ణయిస్తుంది, అరుగుదల అంతటా సమానంగా పడేటట్లు వాటిని చోటు మారుస్తూ ఉంటుంది. వార్‌లో రాస్తున్న క్షణాన కరెంటు పోతే, ఆ సమయంలో కంట్రోలరు కదిలిస్తున్న బ్లాకు రూట్‌ది కూడా కావచ్చు. మనం రీడ్-ఓన్లీ అని రాసుకున్న సంగతి కార్డుకు తెలియదు.

రెండవది, వార్ విడిగా ఉన్నంతమాత్రాన బోర్డు లేస్తుందని అనుకోవడం పొరపాటు. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ చేరాలో చెప్పే ఫైలులో) తనిఖీ జాబితాలో ఉన్న ఏ ఫైల్ సిస్టమ్ అయినా స్వయంగా బాగుపడకపోతే, ఫ్రీబీఎస్‌డీ బూటింగ్‌ను ఆపి సింగిల్ యూజర్ స్థితిలో (సేవలేవీ మొదలుకాని, మరమ్మతుకు వాడే స్థితిలో) నిలబడుతుంది. అది రూట్ అయినా, వార్ అయినా ఫలితం ఒక్కటే: సీరియల్ కేబుల్ పట్టుకుని బోర్డు దగ్గరకు పోవలసిందే.

మూడవది పరిమాణం. వార్‌కు ఎంత ఇస్తారు? ప్యాకేజీల డేటాబేసు, దించుకున్న ప్యాకేజీల నిల్వ, ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ తెచ్చుకునే ఫైళ్ళు అన్నీ వార్ లోనే ఉంటాయి. లాగ్‌ల కోసం అని 2 జీబీ ఇస్తే, తరువాతి పెద్ద అప్‌డేట్ రోజున అది చాలక మధ్యలో ఆగిపోవచ్చు. లాగ్‌లు పొంగిపోకుండా న్యూసిస్‌లాగ్‌లో (పాత లాగ్‌లను పక్కకు తీసి, మరీ పాతవాటిని తొలగించే ప్రోగ్రాములో) పరిమాణం ప్రకారం తిప్పే నియమం పెట్టుకుంటే, ఆ ఒక్క భయం కోసం గోడ కట్టనక్కరలేదు.

సీరియల్‌తీగ:

పరిమాణం గురించి ఒకేరూట్ గారు అన్నది నా అనుభవంలో అక్షరాలా జరిగింది. ఒక ఆర్మ్ బోర్డులో 8 జీబీ ఈఎంఎంసీ (బోర్డులోని ఫ్లాష్ నిల్వ) మీద ఓపెన్‌బీఎస్‌డీ అనే మరొక యూనిక్స్ వ్యవస్థను పెట్టినప్పుడు, దాని ఇన్‌స్టాలరు సూచించిన పార్టిషన్లను నేనే కుదించి, యూఎస్ఆర్‌కు అప్పటికి పట్టేంత మాత్రమే ఇచ్చాను. ఆ వ్యవస్థ బూట్ అయిన ప్రతిసారీ, తరువాతి బూట్ కోసం కెర్నెల్‌ను (వ్యవస్థకు గుండెవంటి ప్రోగ్రామును) కొత్త క్రమంలో లింక్ చేసి, అంటే ముక్కలను తిరిగి కూర్చి, పెడుతుంది. అందుకు కావలసిన ఆబ్జెక్ట్ ఫైళ్ళు యూఎస్ఆర్ లోనే ఉంటాయి. రెండు విడుదలలు గడిచేసరికి యూఎస్ఆర్ నిండిపోయింది. దాని పక్కనే వార్ ఉండడం వలన పెంచే దారి లేకపోయింది, హోమ్‌లో మాత్రం 3 జీబీ ఖాళీగా ఉంది.

అయినా ఓపెన్‌బీఎస్‌డీ వారి విభజనను అలవాటు అని కొట్టిపారేయలేము. 2016లో వచ్చిన 6.0 నుండి, రాయదగిన మెమరీని అమలు చేయదగినదిగా కూడా వాడుకునే ప్రోగ్రాములకు ఆ అనుమతి ఫైల్ సిస్టమ్‌ను బట్టి లభిస్తుంది, ఇన్‌స్టాలరు దానిని యూఎస్ఆర్ కింది లోకల్‌కు మాత్రమే ఇస్తుంది. అక్కడ పార్టిషన్ భద్రతా నియమానికి సరిహద్దు. ఫ్రీబీఎస్‌డీలో ఆ సంబంధం లేదు కనుక, ఒక వ్యవస్థ పటాన్ని మరొకదానికి అతికించకూడదు.

బూట్‌రామ్:

ఒకటా, పలు ముక్కలా అన్నది తేల్చుకునే ముందు, మీరు ముట్టుకోకూడని చోట్లు కార్డుమీద ఏవో తెలుసుకోవాలి. ఆర్మ్ బోర్డులలో పీసీలో వలె ఒకే పద్ధతి లేదు. చిప్ లోపలి బూట్ రామ్ (చెరగని రీడ్-ఓన్లీ మెమరీలోని మొదటి ప్రోగ్రాము) ఎక్కడ వెతుకుతుందో అక్కడే మొదటి అంచె ఉండాలి.

మీ రాస్ప్‌బెర్రీ పై 3 ఫ్యాట్ పార్టిషన్‌లో తన ఫర్మ్‌వేర్ ఫైళ్ళను వెతుకుతుంది. యూ-బూట్ అనే బూట్ ప్రోగ్రాము, ఫ్రీబీఎస్‌డీ లోడరు కూడా అక్కడి నుండే వస్తాయి. ఆ ఫ్యాట్ ముక్కను చెరిపి కార్డు మొత్తాన్ని యూనిక్స్‌కు ఇచ్చేస్తే, సీరియల్ తెరమీద ఒక్క అక్షరం కూడా రాదు. ఆల్‌విన్నర్ చిప్‌లు కార్డు మొదటి నుండి 8 కేబీ దగ్గర, అంటే 16వ సెక్టారులో వెతుకుతాయి. మామూలు జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ల జాబితా) పట్టిక 128 నమోదులతో 2వ సెక్టారు నుండి 33వ సెక్టారు దాకా పరచుకుని ఉంటుంది కనుక, ఆ రెండూ ఒకదానినొకటి తుడిచేసుకుంటాయి. పట్టికను 56 నమోదులకు కుదిస్తే అది 15వ సెక్టారుతో ముగుస్తుంది, లేదా పాత తరహా పట్టిక అయిన ఎంబీఆర్ వాడుకోవచ్చు. రాక్‌చిప్ బోర్డులలో మొదటి లోడరు 64వ సెక్టారులో, యూ-బూట్ 8 ఎంబీ దగ్గర ఉంటాయి. అక్కడ మొదటి పార్టిషన్‌ను 16 ఎంబీ తరువాతే మొదలుపెట్టడం క్షేమం.

మీ విషయంలో ఎంబీఆర్ చాలు. నాలుగు ముక్కల పరిమితి మీ పనికి అడ్డు కాదు. ప్రతి ముక్కా 4 ఎంబీ గుణిజం దగ్గర మొదలయ్యేటట్లు చూసుకోండి. ఫ్లాష్ చెరిపే ఖండాల హద్దుతో సరిపడని చోట మొదలుపెడితే చిన్న రాతకు కూడా కార్డు రెండు ఖండాలను చదివి, చెరిపి, తిరిగి రాయవలసి రావచ్చు.

పాతడిస్కు:

కంట్రోలరు గురించి ఒకేరూట్ గారు చెప్పినది నిజం, ఆ మేరకు నా మాటను సవరించుకుంటున్నాను. కార్డు లోపలి దోషం నుండి పార్టిషన్ కాపాడదు, ఆ ప్రమాదానికి మరొక కార్డుమీద తీసిపెట్టుకున్న నకలు ఒక్కటే మందు. కాని కరెంటు పోయినప్పుడు ఎక్కువగా ఎదురయ్యేది ఫైల్ సిస్టమ్ స్థాయి గందరగోళం: సగం రాసిన డైరెక్టరీ, లెక్క కుదరని బ్లాకుల పట్టిక. దానిని హద్దు ఆపుతుంది.

సింగిల్ యూజర్‌లో ఆగిపోతుందన్న అభ్యంతరానికి కూడా సమాధానం ఉంది. ఆర్‌సీ.కాన్ఫ్ అనే అమరికల ఫైలులో ఎఫ్‌ఎస్‌సీకే_వై_ఎనేబుల్ అనే అమరికను యెస్ అని పెడితే, మామూలు తనిఖీ విఫలమైనప్పుడు వ్యవస్థ ప్రతి ప్రశ్నకూ అవునని తానే చెప్పుకుని ముందుకు పోతుంది. ఒకే రూట్ ఉన్నప్పుడు ఇది భయపడవలసిన పని, ఎందుకంటే అవునని చెప్పినందువల్ల పోయే ఫైలు షెల్ కావచ్చు, లైబ్రరీ కావచ్చు. రూట్ ఎప్పుడూ రీడ్-ఓన్లీగా ఉండి శుభ్రంగా ఉంటే, ఆ గుడ్డి అవును లాగ్‌లున్న ముక్కకే తగులుతుంది. లాగ్‌లలో కొన్ని వాక్యాలు పోతే బోర్డు ఆగదు. విడగొట్టమని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

ఒకేరూట్:

ఈ కారణాన్ని ఒప్పుకుంటాను. అయితే పోయినా ఫరవాలేదని మీరంటున్న ముక్కలో ప్యాకేజీల డేటాబేసు ఉండకూడదు. వార్ మొత్తాన్ని వేరుచేస్తే, ఆ గుడ్డి అవును ఒకనాడు దానిని కూడా తినేస్తుంది. తరువాత ఏ ప్యాకేజీ ఉందో వ్యవస్థకే తెలియదు. కాబట్టి వేరుచేయవలసింది వార్ కాదు, దాని లోపలి లాగ్ డైరెక్టరీ. డేటాబేసు రూట్‌లోనే ఉండి, అప్‌డేట్ చేసే రోజున మాత్రం రూట్‌ను రాయడానికి తెరిచి, పని కాగానే మూసివేయాలి. మిగిలిన వార్ డైరెక్టరీలలో నడుస్తుండగా రాతలు జరిగేవి, పిడ్ ఫైళ్ళు (నడుస్తున్న ప్రోగ్రాముల నంబర్లు) ఉండే రన్ వంటివి, మెమరీలోకి పోవాలి.

జెడ్‌పూల్:

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడితే ఈ గొడవే ఉండదని ఎవరూ అనలేదు. ఒకే పూల్‌లో ఎన్ని డేటాసెట్లయినా పెట్టుకోవచ్చు, ఖాళీ అందరిదీ, ప్రతిదానికీ వేర్వేరు కోటా, నోసూయిడ్, రీడ్-ఓన్లీ. కాపీ-ఆన్-రైట్ (పాత బ్లాకు మీద కాక కొత్త చోట రాసే పద్ధతి) కనుక కరెంటు పోయినా ఎఫ్‌ఎస్‌సీకే అన్న మాటే ఉండదు.

పాతడిస్కు:

1 జీబీ మెమరీలో జెడ్‌ఎఫ్‌ఎస్ నడుస్తుంది, దాని మెమరీ కాష్ అయిన ఏఆర్‌సీకి పరిమితి పెట్టి నడిపినవారూ ఉన్నారు. కాని ఉన్న కొద్ది మెమరీని కాష్‌కూ డీఎన్ఎస్‌కూ మధ్య పంచవలసి వస్తుంది. 4 జీబీ బోర్డయితే మీ మాటే నా మాట. ఇక్కడ ఫ్రీబీఎస్‌డీ పాత ఫైల్ సిస్టమ్ అయిన యూఎఫ్‌ఎస్ చాలు.

సీరియల్‌తీగ:

ఇప్పటిదాకా ఎవరూ ముట్టని ఒక విషయం ఈ చర్చను చాలావరకు తేలుస్తుంది: యూఎఫ్‌ఎస్‌ను పెంచవచ్చు గాని కుదించలేము. ఫ్రీబీఎస్‌డీ వారి ఆర్మ్ ఇమేజ్‌ను కార్డుకు రాసి మొదటిసారి బూట్ చేయగానే, గ్రోఎఫ్ఎస్ స్క్రిప్టు రూట్‌ను దాదాపు కార్డు చివరిదాకా సాగదీస్తుంది. ఆ తరువాత విడగొట్టాలని మనసు మారితే కార్డును మొదటి నుండి రాయవలసిందే. అంటే ఏమీ ఆలోచించకుండా బూట్ చేసినా మీరొక నిర్ణయం తీసుకున్నట్లే, అదీ వెనక్కు తిరగరానిది.

అందుచేత మొదటి బూట్‌లోనే లోడరు దగ్గర ఆపి సింగిల్ యూజర్‌లోకి వెళ్ళండి. రూట్‌ను రాయడానికి తెరిచి, పై అంచెలో ఉన్న ఫస్ట్‌బూట్ అనే ఖాళీ ఫైలును తీసివేస్తే ఆ స్క్రిప్టు నడవదు. అప్పుడు జీపార్ట్ అనే పార్టిషన్ పనిముట్టుతో రూట్ స్లైసును (ఎంబీఆర్ ముక్కను), దాని లోపలి పార్టిషన్ల జాబితా అయిన లేబులునూ కావలసినంతే పెంచి, గ్రోఎఫ్ఎస్‌ను చేతితో నడిపి, మిగిలిన చోటును ఖాళీగా వదలండి. రూట్‌కు వెంటనే తరువాత స్వాప్ (మెమరీ చాలనప్పుడు కార్డుమీద వాడుకునే చోటు) పెట్టే పొరపాటు మాత్రం చేయకండి. గ్రోఎఫ్ఎస్ పక్కనున్న ఖాళీలోకే పెరగగలదు. మధ్యలో స్వాప్ కూర్చుంటే దాని అవతలి ఖాళీ ఎంతున్నా పనికిరాదు. స్వాప్‌ను కార్డు చివర పెట్టండి.

కొత్తబోర్డు:

స్వాప్ అసలు కావాలా? రాతలతో కార్డు అరిగిపోతుందని భయంగా ఉంది.

బూట్‌రామ్:

కావాలి. మెమరీ నిండినప్పుడు స్వాప్ లేకపోతే కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది, అది మీ డీఎన్ఎస్ సర్వరే కావచ్చు. మీ పనికి మామూలు రోజుల్లో స్వాప్‌లోకి రాతలు దాదాపు ఉండవు కనుక అరుగుదల భయం అక్కరలేదు. పైగా కెర్నెల్ ప్యానిక్ అయితే (కోలుకోలేక ఆగిపోతే) డంపు, అంటే అప్పటి మెమరీ నకలు, పడేది స్వాప్ పార్టిషన్‌లోనే. ఫైలుగా పెట్టుకున్న స్వాప్‌లోకి ఆ డంపు రాయలేము. తెర లేని బోర్డు ఎందుకు పడిపోయిందో చెప్పగలిగే ముఖ్యమైన సాక్షి అదే. 2 జీబీ ఇవ్వండి. పెద్ద ప్రోగ్రాములను బోర్డు మీదనే కంపైల్ చేసే ఆలోచన మాత్రం మానుకోండి. తయారైన ప్యాకేజీలు వాడితే స్వాప్‌తో పెద్దగా పని పడదు.

కొత్తబోర్డు:

నిన్న రాత్రి కార్డును మళ్ళీ మొదటి నుండి రాశాను. ఎంబీఆర్‌లో మొదటిది ఇమేజ్‌తో వచ్చిన ఫ్యాట్, దానిని ముట్టుకోలేదు. రెండవది 12 జీబీ రూట్, దాని వెనుక సుమారు 8 జీబీ ఖాళీ. ఆ తరువాత 6 జీబీ లాగ్ పార్టిషన్, నోసూయిడ్, నోఎక్జెక్, నోఏటైమ్ (ఫైలు చదివిన వేళను రాయకుండా) షరతులతో. చివర 2 జీబీ స్వాప్. టెంప్, వార్ లోని రన్ మెమరీలో ఉన్నాయి. రూట్‌ను రీడ్-ఓన్లీ చేసి, లాగ్‌లు వస్తుండగా అయిదుసార్లు కావాలనే కరెంటు తీసేశాను. అయిదుసార్లూ బోర్డు దానంతటదే లేచింది. రెండుసార్లు లాగ్ పార్టిషన్ మీద మాత్రమే తనిఖీ నడిచింది.

ఒక చిక్కు మిగిలింది. డీఎన్ఎస్ సర్వరు అన్‌బౌండ్ తన డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబులు అసలైనవేనని సంతకాలతో సరిచూసే పద్ధతి) మూల తాళపు ఫైలును అప్పుడప్పుడు తిరిగి రాస్తుంది, ఆ ఫైలు వార్ లోని అన్‌బౌండ్ డైరెక్టరీలో, అంటే రీడ్-ఓన్లీ రూట్‌లో ఉంది. దానిని లాగ్ పార్టిషన్‌లోకి మార్చడమా, లేక ప్రతి బూట్‌లోనూ మెమరీలోకి నకలు తీసి వాడడమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఒకేరూట్:

మెమరీలోకి వద్దు. తాళం మారిన తరువాత కరెంటు పోతే, రూట్‌లోని పాత నకలే మళ్ళీ వస్తుంది, అది చెల్లని రోజున పేర్లేవీ తేలవు. లాగ్ పార్టిషన్‌లో విడిగా ఒక డైరెక్టరీ పెట్టి, దాని యాజమాన్యం అన్‌బౌండ్ యూజరుకు ఇచ్చి, అక్కడికి మార్చండి. ఆ ఫైలు పాడైనా అన్‌బౌండ్-యాంకర్ ఆదేశంతో మళ్ళీ తెచ్చుకోవచ్చు. సర్వరు మొదలయ్యే ముందు ఆ ఆదేశం నడిచేటట్లు చూసుకోండి.