యేసుప్రభువుకి ఏం వ్యసనం? – ‘వ్యసనాక్రాంతుడు’ అనే మాట గురించి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో బైబిల్లోని యెషయా ప్రవక్త గ్రంథం 53వ అధ్యాయం చదివే వంతు మొన్న మా మేనల్లుడికి వచ్చింది. రాబోయే మెస్సీయ, అంటే రక్షకుడు, పడే బాధల గురించి ప్రవక్త చెప్పిన మాటలవి, యేసు గురించే అని మా నమ్మకం. వాడు తొమ్మిదో తరగతి, బడిలో చదువంతా ఒడియాలోనే. తెలుగు అక్షరాలు మామ్మ దగ్గర నేర్చుకున్నాడు. ముందు రోజు రాత్రి చాప మీద బైబిలు తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ మూడో వచనం దాకా వచ్చాడు. “వ్యసనాక్రాంతుడుగాను వ్యాధి ననుభవించినవాడుగాను మనుష్యులు చూడనొల్లనివాడుగాను ఉండెను.” మొదటి మాట మూడుసార్లు పలికి, తలెత్తి అడిగాడు: “అత్తా, యేసుప్రభువుకి ఏం వ్యసనం ఉండేది?”

ఒక్క క్షణం నోట మాట రాలేదు. వాడి తప్పేమీ లేదు. వాడికి తెలిసిన తెలుగు సగం ఇంట్లోది, సగం టీవీది. టీవీలో వ్యసనం అంటే తాగుడు, గుట్కా, పేకాట, ఈ మధ్య సెల్‌ఫోను. శ్రమపడే మెస్సీయ గురించి మన దగ్గరున్న అతి పెద్ద మాట పిల్లాడి చెవికి తాగుబోతు అన్నట్టు వినబడుతోంది. అప్పటినుంచి మనసులో అదే నలుగుతోంది, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

నాకు తెలిసింది ముందు చెబుతాను. ఇక్కడ ‘వ్యసనం’ అంటే దుఃఖం, ‘ఆక్రాంతం’ అంటే ఆక్రమించబడినది. వ్యసనాక్రాంతుడు అంటే దుఃఖం వచ్చి ఆక్రమించుకున్నవాడు. అతను దుఃఖం వెంట పడలేదు, దుఃఖమే వచ్చి అతని మీద పడింది. హీబ్రూలో ఇక్కడున్న మాటకి సూటిగా అర్థం ‘నొప్పుల మనిషి’. లాటిన్ బైబిల్లోనూ ‘నొప్పుల పురుషుడు’ అనే ఉంది. యూరప్ చిత్రకారులు ముళ్ల కిరీటంతో, గాయాలు చూపిస్తూ నిలబడిన క్రీస్తు బొమ్మకి ఆ పేరే పెట్టుకున్నారు. మరి మన పిల్లలకి ఈ మాట ఎలా అందించాలి? మార్చేద్దామా, ఉంచి అర్థం చెబుదామా?

బరంపురం నుంచి ఒకరు: అక్కా, నేను క్రైస్తవుణ్ణి కాను, అయినా ఈ మాట నాకు బాగా తెలుసు. వాల్మీకి రామాయణం అయోధ్యకాండ రెండో సర్గలో ప్రజలు రాముడి గుణాలు చెబుతూ “వ్యసనేషు మనుష్యాణాం భృశం భవతి దుఃఖితః” అంటారు. మనుషులకి ఆపద వస్తే ఆయన తనే ఎక్కువ దుఃఖపడతాడని. ఇక్కడ వ్యసనం అంటే ఆపద, కష్టం. సప్తవ్యసనాలు అన్నప్పుడేమో జూదం, పానం, వేట లాంటివి. రెండు అర్థాలూ మొదటినుంచీ పక్కపక్కనే ఉన్నాయి. మన కాలం వచ్చేసరికి ఒకటి మిగిలి, ఇంకోటి జారిపోయింది. మీ బైబిలు ఆ జారిపోయినదాన్ని దాచిపెట్టింది. దయచేసి తీసేయకండి.

పర్లాకిమిడి: తమ్ముడూ, ఆ శ్లోకం ఇక్కడికి తెచ్చినందుకు ఎంతో సంతోషం. మా వాడికి చదివి వినిపించాను.

జయపురం నుంచి ఒకరు: నా ప్రశ్న సిలువ గురించి. మా వీధిలో చర్చి బోర్డు రెండు భాషల్లో ఉంటుంది. ఒడియాలో క్రుశ, తెలుగులో సిలువ. పేపర్లో మాత్రం ‘శిలువ’ అని వస్తుంది. శిలకీ దీనికీ సంబంధం ఉందా?

పర్లాకిమిడి: లేదండీ. సిరియా క్రైస్తవుల భాషలో ‘స్లీవా’, తమిళంలో ‘సిలువై’, మనకి సిలువ. ఒడియా క్రుశ లాటిన్ వైపు నుంచి వచ్చింది. మరాఠీ బైబిల్లో ‘వధస్తంభం’ అంటారు, అంటే చంపే స్తంభం. ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. మనకి సిలువ మెడలో వేసుకునే గొలుసు దాకా వచ్చేసింది కాబట్టి దాని భయం చెవికి ఆనదు. బైబిల్లో ‘సి’ ఉంది, నేనూ అలాగే రాస్తాను.

రాయగడ నుంచి ఒకరు: ‘శ్రమ’ గురించి కూడా చెప్పాలి. మా నాన్న మిల్లు కార్మికుడు. ఆయనకి శ్రమ అంటే పని. ‘క్రీస్తు శ్రమలు’ అని విన్నప్పుడల్లా ఆయన మనసులో కనబడేది దుంగ భుజాన వేసుకుని ఎత్తు ఎక్కుతున్న కూలిమనిషి. చర్చిలో శ్రమ అంటే బాధ అని నేను చెబితే, “రెండూ ఒకటే కదరా” అన్నారు.

పర్లాకిమిడి: మీ నాన్నగారి మాట చాలాసేపు నన్ను వదల్లేదు. శ్రమ అనే మాటలో తప్పుగా అర్థమైనా దారి తప్పదు, ఇంకా లోతుకే వెళుతుంది. వ్యసనం దగ్గర అలా కాదు. అక్కడ తప్పుగా అర్థమైతే, బాధపడేవాడిదే తప్పన్నట్టు అవుతుంది. నా టెన్షన్ అంతా అదే.

గుణుపురం నుంచి ఒకరు: అయితే మార్చేయడమే మంచిది కదా మేడమ్? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే. ‘ఎంతో బాధపడినవాడు’ అని రాస్తే సరిపోతుంది. వ్యాధి కూడా వద్దు. యేసుకి రోగం ఏంటి?

పర్లాకిమిడి: గిడుగు వారి ఊళ్లో ఉండి వాడుక భాష వద్దని నేనెందుకంటాను? కానీ ‘వ్యాధి’ని మాత్రం వదులుకోలేను. హీబ్రూలో ఉన్నది రోగమే. ఇంగ్లీషు పాత బైబిలు దాన్ని ‘దుఃఖం’ అని మెత్తబరిచింది. మన తెలుగు అనువాదకులు మెత్తబరచలేదు, ఉన్నదున్నట్టు వ్యాధి అన్నారు.

దీనికో బొమ్మ గుర్తొస్తోంది. 1512 నుంచి 1516 వరకు గ్రూనెవాల్డ్ అనే జర్మన్ చిత్రకారుడు ఈసెన్‌హైమ్ మఠం కోసం వేసిన సిలువ చిత్రం. ఇప్పుడు ఫ్రాన్సులోని కోల్మార్‌లో ఉంది. ఆ మఠంలో సన్యాసులు ‘అంతోనీ మంట’ అనే జబ్బు వచ్చినవాళ్లకి సేవ చేసేవారు. రై అనే ధాన్యానికి పట్టే ఒక రకం బూజు రొట్టెలో కలిసి వచ్చే జబ్బది. కాళ్లూ చేతులూ మండుతూ, నల్లబడి కుళ్లిపోయేవి. గ్రూనెవాల్డ్ వేసిన క్రీస్తు ఒళ్లంతా పుండ్లు, చర్మం పచ్చగా పాలిపోయింది, వేళ్లు కొంకర్లు పోయి పైకి లేచాయి. పక్క మంచాల్లో ఉన్నవాళ్ల ఒళ్లే ఆయనకీ ఉంది. ఆ రోగులు అటు చూసినప్పుడు వాళ్లకి ఏమనిపించిందో ఊహించండి. ‘వ్యాధి ననుభవించినవాడు’ అన్న మన తెలుగు మాటకి అంతకన్నా దగ్గరి బొమ్మ నేను చూడలేదు. కుష్ఠురోగులని ఊరి చివర ఉంచిన రోజులు మన పెద్దవాళ్లు ఎరుగుదురు. వాళ్లకి ‘బాధపడినవాడు’ సరిపోతుందా, ‘వ్యాధి ననుభవించినవాడు’ కావాలా?

గుణుపురం: ఈ బొమ్మ సంగతి నాకు తెలీదండీ. వ్యాధి ఉండనివ్వండి. మొదటి మాటకి మాత్రం ఏదో ఒకటి చెయ్యాలి.

బరంపురం: ‘దుఃఖం కమ్మినవాడు’ అంటే ఎలా ఉంటుంది? మబ్బు కమ్మినట్టు. ఆక్రాంతం అన్నదాని బరువు పోదు.

పర్లాకిమిడి: తమ్ముడూ, ఇది బాగుంది. ‘దుఃఖితుడు’ అంటే లోపలి సంగతి, ‘కమ్మినవాడు’ అంటే బయటినుంచి వచ్చి మీద పడ్డది.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. ఈ గొడవంతా వింటూ మా మామ్మ, “మరి చూడనొల్లనివాడు వాడికి అర్థమైందా?” అని అడిగింది. నేను అసలు ఆ మాట దగ్గర ఆగలేదు. పుస్తకాల్లో అది గ్రాంథికం. మా ఇంట్లో అది రోజూ మాట. పొద్దున్న మాత్ర ఇస్తే మామ్మ “నానొల్లను” అని మొహం తిప్పుకుంటుంది. మా వాడు వెంటనే అన్నాడు: “తెలుసు. మందు చూస్తే నువ్వు చేసినట్టు, ఆయన్ని చూసి జనం మొహం తిప్పుకున్నారు.”

వచ్చే ఏడు కూడా వాడే చదువుతానన్నాడు. ‘వ్యసనాక్రాంతుడు’ దగ్గర ఆగి, “అంటే దుఃఖం కమ్మినవాడు” అని చెప్పి ముందుకెళ్లమన్నాను. పాస్టరు గారిని అడిగితే సరేనన్నారు. ‘చూడనొల్లనివాడు’ మాత్రం ఉన్నదున్నట్టు చదువుతాడు.