ఎఫ్355 ఫెరారీయా, జెడ్06 కార్వెట్టా: ఏది గొప్ప ఇంజను?

మారనెల్లో_మూర్తి:
1994లోనే 3.5 లీటర్ల వీ8, సిలిండరుకు 5 వాల్వులు, 8250 ఆర్‌పీఎం దగ్గర 375 హార్స్‌పవర్. లీటరుకు 107. పన్నెండేళ్ల తర్వాత వచ్చిన సీ6 జెడ్06లో ఏముంది? 7 లీటర్లు పెట్టి 505, అంటే లీటరుకు 72. అదీ పుష్‌రాడ్లతో, అంటే వాల్వుల్ని కింది నుంచి కడ్డీలతో నెట్టే పాత పద్ధతిలో. ఇంకా చర్చ దేనికి?

టార్క్‌రాజు:
లీటరు లెక్క పన్ను వేసేవాడికి కావాలి. బండికి కావలసింది ఇంజను ఎంత చోటు తింటుందన్నది. ఎల్ఎస్7లో, అంటే ఈ జెడ్06 ఇంజనులో, క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) బ్లాకులోనే ఉంటుంది, అందుకే పైనుండే హెడ్లు చిన్నవి, ఇంజను పొట్టిది. డ్రై సంప్ (ఆయిల్ విడి ట్యాంకులో), టైటానియం కనెక్టింగ్ రాడ్లు, టైటానియం ఇన్‌టేక్ వాల్వులు. పాతకాలపు ఇంజను అనేవాళ్లు ఇదొక్కటి లెక్క కట్టి చూడండి: స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 101.6 మి.మీ., రెడ్‌లైన్ (గరిష్ఠ ఆర్‌పీఎం) 7000, సగటు పిస్టన్ వేగం సెకనుకు 23.7 మీటర్లు. ఎఫ్355కి 77 మి.మీ., 8500. అంటే 21.8 మీటర్లే. ఎక్కువ వేగాన్ని తట్టుకునేది మా ఇంజనే.

బెజవాడ_వీ8:
1994 కారుకి 2006 కారుతో పోటీ ఏంటండీ? అప్పటి కార్వెట్ జెడ్ఆర్-1 తీసుకోండి. నాలుగు క్యాములు, 32 వాల్వులు, 1993 నుంచి 405 హార్స్‌పవర్.

మారనెల్లో_మూర్తి:
ఆ ఇంజను డిజైన్ లోటస్‌ది. అమెరికా ఖాతాలో వేయకండి.

టార్క్‌రాజు:
తయారైంది ఓక్లహోమాలో. సరే, సర్వీసు సంగతికి రండి. ఎఫ్355లో క్యాముల్ని తిప్పే టైమింగ్ బెల్టు క్యాబిన్ గోడ వైపుంటుంది, చెయ్యి పట్టదు. మూడేళ్లకోసారి ఇంజను, గేర్‌బాక్సు, సబ్‌ఫ్రేము అన్నీ కలిపి కిందికి దించాలి. వాయిదా వేస్తే, తెగిన రోజున పిస్టన్లు వాల్వుల్ని గుద్దుతాయి. ఎల్ఎస్7లో చైను. ఫెరారీ కూడా తర్వాతి మోడల్ 360లో సీట్ల వెనక నుంచి బెల్టు మార్చే దారి పెట్టింది, ఎఫ్430లో చైనుకే వచ్చేసింది.

స్పానర్_14:
ఇద్దరూ దాటేస్తున్నది వాల్వ్ గైడ్లు, అంటే వాల్వు కాండం జారే గొట్టాలు. తొలి ఎఫ్355లలో మెత్తటి కంచు గైడ్లు అరిగి నీలం పొగ, ఆయిల్ ఖర్చు. ఎల్ఎస్7లోనూ గైడ్లే అరుగుతాయి. కాండం ఊగీ ఊగీ, సోడియం నింపిన ఎగ్జాస్ట్ వాల్వు తల విరిగి సిలిండర్లో పడితే పిస్టన్, హెడ్డు రెండూ పోతాయి. చిత్రమేంటంటే దీనికి చాలామంది వేయించేది మళ్లీ కంచు గైడ్లే.

మారనెల్లో_మూర్తి:
చూశారా! అయినా ప్రతి ఫెరారీ థ్రెడ్‌లోకీ వచ్చి రిపేరు బిల్లు చదవడమేనా రాజుగారూ? కారంటే మీకు ఫ్రిజ్ లాంటిది, చెడిపోకపోతే చాలు. 8500 దాకా ఊపిరి తీసుకోకుండా ఎక్కే ఆ ఇంజను కోసం మూడేళ్లకోసారి దించడం నాకు సమ్మతమే.

టార్క్‌రాజు:
ఫ్రిజ్ అనకండి. హార్స్‌పవర్ గురించి నేను ఎప్పుడూ గొడవపడలేదు. యజమాని తన షెడ్డులో తన చేత్తో విప్పుకోలేని ఇంజను గొప్పదంటే ఒప్పుకోను. ఎల్ఎస్7 హెడ్లు ఇంజను బండిలో ఉండగానే దించొచ్చు.

మారనెల్లో_మూర్తి:
విప్పడం తేలిక కావాలని పట్టుబడితే ఆ 5 వాల్వుల హెడ్డు పుట్టేదే కాదు. అక్కడే మనకు కుదరదు.

బెజవాడ_వీ8:
కొనేముందు ఏం చూడాలో చెప్పండి ఎవరైనా.

స్పానర్_14:
ఎఫ్355కి అన్ని సిలిండర్లకీ లీక్‌డౌన్ టెస్టు (గాలి నింపి ఎంత కారుతుందో చూడటం), హీట్ షీల్డు కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డు పగుళ్లు, బెల్టు మార్చిన తేదీ ఉన్న బిల్లు. ఎల్ఎస్7కి రాకర్ కవరు, స్ప్రింగు తీసి వాల్వు కాండానికి డయల్ గేజ్ ఆనించి అటూఇటూ ఊపి గైడు ఎంత అరిగిందో చూడాలి. హెడ్లు ఇప్పటికే బాగుచేయించామంటే మెషిన్ షాపు బిల్లు అడగండి.