అప్‌డేట్: కాన్వాస్ మీద అతికించిన ఫొటోల్లో బుడగలు, కారణం దొరికింది

మా ఒంగోలు స్టూడియోలో పెళ్లి పోర్ట్రెయిట్లు హీట్ ప్రెస్‌తో కాన్వాస్ మీద అతికిస్తుంటే బుడగలు వస్తున్నాయని, డెలివరీ ఇచ్చిన కొద్దిరోజులకే మూలలు లేస్తున్నాయని వానల టైమ్‌లో అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా "ముందు తేమ సంగతి చూడు" అన్న కావలి అన్నకి.

నెల్లూరు నుంచి వచ్చిన ప్రెస్ మెకానిక్ కూడా అదే తేల్చాడు. మిషన్ బాగానే ఉంది. గుడ్డ గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది, వేడి తగలగానే అది ఆవిరవుతుంది, మనం ఫొటోలు ప్రింట్ చేసే ఆర్‌సీ (రెసిన్ కోటెడ్) పేపర్‌కి రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి ఆ ఆవిరి పోయే దారిలేక అక్కడే ఉబ్బుతుంది. ఇప్పుడు గుడ్డని, ప్రింటుని విడివిడిగా రిలీజ్ పేపర్ (అంటుకోని కాగితం) మధ్య కాసేపు ప్రెస్ చేసి, తెరిచి ఆవిరి పోనిచ్చి, ఆ తర్వాతే టిష్యూ (వేడికి కరిగి అతికే జిగురు షీటు) పెట్టి అతికిస్తున్నా. వేడి 90 డిగ్రీలు దాటనివ్వను, 100 దాటితే పూతే పాడవుతుంది. మూలల సంగతంటారా, ప్రెస్‌లోంచి తీయగానే పూర్తిగా చల్లారేదాకా మీద బరువు పెడితే చాలు, జిగురు పట్టేది అప్పుడే.

టిష్యూ బ్రాండ్ మార్చడం దండగ ఖర్చు. ఏసీ కూడా అవసరం పడలేదు. ప్రింటు వెనక పేపర్ ఒలిచి అతికించమన్నారు కొందరు, అలా చేస్తే కాన్వాస్ నేత బాగా కనిపిస్తుంది, నిజమే, కానీ బుడగలకీ దానికీ సంబంధం లేదు, పైగా ముందు వైపు లామినేషన్ లేకుండా ఒలిస్తే చిరుగుతుంది.

ఫ్రేమ్ అంచున మడిచే చోట పగుళ్లు మాత్రం ఇంకా వస్తున్నాయి, దానికి వేరే పోస్ట్ పెడతా.