అగ్నిపర్వతం పేలుతుందా, పొంగుతుందా?

పలకబలపం: ఐదో తరగతి పిల్లల కోసం అగ్నిపర్వతాల మీద చిన్న పాఠం రాస్తున్నాను. ‘అగ్నిపర్వతం ఎన్నాళ్లకోసారి పేలుతుంది?’ అని మొదలుపెట్టాను. మా అమ్మాయి చదివి, “హవాయి వీడియోలో పేలట్లేదు కదా నాన్నా, పొంగుతోంది” అంది. అక్కడే ఆగిపోయాను. పుస్తకాల్లో విస్ఫోటనం, ఉద్గారం అని ఉన్నాయి. పదేళ్ల పిల్లలకి నోరు తిరగాలిగా! మీరైతే ఏ మాట వాడతారు?

గోళీసోడా: అమ్మాయిదే కరెక్ట్ మాస్టారూ. రెండు మాటలూ కావాలి. వంటింట్లోకి వెళ్లి చూడండి. చారు మరుగుతుంటే బుడగలు తేలిగ్గా పైకొచ్చి పోతాయి. రాగిసంకటి ఉడికేటప్పుడో? బుడగ అడుగున ఇరుక్కుని, తపుక్కున చిట్లి చెయ్యి కాలుస్తుంది. భూమి లోపల కరిగిన రాయీ అంతే. అందులో నీటి ఆవిరి, ఇంకొన్ని వాయువులు కలిసి ఉంటాయి. లోతులో ఒత్తిడికి అణిగి ఉండి, పైకొచ్చేకొద్దీ బుడగలు కడతాయి, గోళీ నొక్కగానే సోడా బుస్సుమన్నట్టు. ఆ రాయి పలచనైతే వాయువు జారుకుంటుంది, లావా పొంగి పారుతుంది. హవాయిలో కిలవేయా 1983 నుంచి 2018 దాకా దాదాపు ఆగకుండా పొంగింది. సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఎక్కువై చిక్కబడితే వాయువుకి దారి దొరకదు. ఫిలిప్పీన్స్‌లో పినటుబో దాదాపు 500 ఏళ్లు ఊరుకుని 1991లో లేచింది. దాన్ని పేలడం అనకపోతే ఇంక దేన్నంటాం?

పలకబలపం: సంకటి బాగుందండీ. మరి ‘ఎన్నాళ్లకోసారి’ సంగతి?

గోళీసోడా: ఆ మాట కొట్టేయండి. పండగలా తిథి చూసుకుని వచ్చేది కాదు. అడుగున కొత్త రాయి ఎంత జోరుగా చేరుతోంది, పైన దారి ఎంత గట్టిగా మూసుకుపోయింది అన్నదాన్ని బట్టి దేని తీరు దానిది. ఇటలీలో స్ట్రాంబోలి మామూలు రోజుల్లో పది, ఇరవై నిమిషాలకోసారి నిప్పులు చిమ్ముతుంది, అదీ రెండు వేల ఏళ్లకు పైగా. మన అండమాన్‌లో బారెన్ దీవి 1832 తర్వాత చల్లబడి, మళ్లీ 1991లోనే లేచింది. ‘ప్రపంచం మొత్తమ్మీద ఏటా 50 నుంచి 70 దాకా అగ్నిపర్వతాలు లేస్తాయి’ అని రాయండి, అది లెక్కకి నిలుస్తుంది.

రేగడిమట్టి: నాకు అసలు ‘అగ్నిపర్వతం’ మీదే పేచీ. లోపల మండేది ఏమీ లేదు, ఉన్నది కరిగిన రాయి. కొన్నిచోట్ల పర్వతమూ ఉండదు. రాజమండ్రి పక్కన కాతేరు, ఆ వైపు పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి దాదాపు 6.5 కోట్ల ఏళ్ల కిందటి లావా. దక్కనులో ఆ లావా చాలావరకు నేల పగుళ్లలోంచే పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. దాన్ని ఏ కొండ కక్కింది చెప్పండి?

గోళీసోడా: పేరు మార్చడం మన వల్ల కాదులెండి. ‘అగ్ని’ అంటే మంట కాదు, ఎర్రగా కాలిన రాయి అని పక్కన ఒక ముక్క రాస్తే చాలు.

పలకబలపం: ఎవరో విడిగా ‘బడబాగ్ని’ సూచించారు. అది పురాణాల్లో సముద్రపు నీళ్లు తాగే నిప్పు, రాయి కక్కేది కాదు. వద్దనుకున్నాను. మొదటి వాక్యం ఇలా మార్చాను: ‘కొన్ని అగ్నిపర్వతాలు చారులా పొంగుతాయి, కొన్ని సంకటిలా చిట్లుతాయి.’ అమ్మాయి పాస్ చేసింది. నిన్నటి నుంచి మాత్రం సంకటి గిన్నె దగ్గరికి రానంటోంది.