నికోటిన్‌తో స్థల ప్రాధాన్య పరీక్ష: విస్టార్ ఎలుకల్లో ఇష్టం కనిపించడం లేదు

ఎథిక్స్ కమిటీ అనుమతితో మగ విస్టార్ ఎలుకల (ఒక ప్రయోగశాల జాతి) మీద నికోటిన్‌కు స్థల ప్రాధాన్య పరీక్ష చేస్తున్నాం. అంటే మందు ఇచ్చినప్పుడు ఉన్న గదిలో ఎలుక తర్వాత ఎక్కువసేపు గడుపుతుందా అని చూడటం. ఉదయం సెలైన్ ఇచ్చి ఒక గదిలో, సాయంత్రం నికోటిన్ ఇచ్చి రెండో గదిలో 20 నిమిషాల చొప్పున, వరుసగా 4 రోజులు. డోసు చర్మం కింద కిలోకు 0.4 మిల్లీగ్రాములు. ఇది నికోటిన్ టార్ట్రేట్ అనే లవణం బరువు కాదు, అందులోని అసలు నికోటిన్ (బేస్) లెక్క. పీహెచ్ 7.4కు సరిచేశాం. ఏ ఎలుకకు ఏ గది అన్నది సమంగా పంచాం. మందు లేకుండా 15 నిమిషాల చివరి పరీక్షలో నికోటిన్ గదిలో గడిపిన సమయం సెలైన్ గుంపుతో సమానంగానే ఉంది.

ఈ రెండు గదుల పెట్టె మీద అనుమానం లేదు, అదే పెట్టెలో మార్ఫిన్ కిలోకు 5 మిల్లీగ్రాములకు స్పష్టమైన ఇష్టం వచ్చింది. నికోటినూ పనిచేస్తోంది: మొదటి రోజు ఎలుకలు మందగించాయి, మూడో రోజుకల్లా చురుకుదనం పెరిగింది. 0.2, 0.6 డోసులు కూడా చూశాం, తేడా లేదు. ఇంజెక్షన్ బెదురు పోవడానికి ముందే చేతిలోకి తీసుకుని అలవాటు చేశాం.

మొదట ఇష్టపడని గదికే నికోటిన్ జతచేస్తే సమయం పెరుగుతోంది. కానీ అది మందు ఇచ్చిన ఆనందమా, ఆ గదంటే ఉన్న భయం తగ్గడమా అన్నది తేలదు. అందుకే ఆ దారి నాకు నచ్చలేదు.

గదులను సమంగా పంచే పద్ధతిలోనే విస్టార్ ఎలుకల్లో ఫలితం సాధించినవారు, శిక్షణకు ముందు ఎలుకలు ఉండే బోనులోనే కొన్ని రోజులు నికోటిన్ అలవాటు చేశారా?